రెండు కిలోల నూరు గ్రాములు

మళ్ళీ కాగితం వచ్చింది.
గురువారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా
ఇళ్ళలో ఉండొద్దట.
ఆకాశం నుంచి ఇనుము పడవచ్చట.
సంతకం పెట్టాలి.
పెట్టాను, కరసాయ్ అందరి తరఫునా:
డెబ్భై ముగ్గురు మనుషులు, ఒక వైద్యశాల,
వైద్యశాల అంటే నేనూ, ఒక బల్లా, ఒక బొగ్గుల పొయ్యీ.

ఈ గడ్డిమైదానంలో రాకెట్ అంటే
పైకి పోయేది కాదు, కింద పడేది.
కుల్యాష్ అవ్వ కోళ్ళగూటికి కప్పు అదే.
గొర్రెలకి నీళ్ళతొట్టి అదే.
ఆమె కొడుకు తెమిర్బోలాత్ దాని రేకుతోనే
మంచు మీద జారే బండి చేశాడు.
బండి పొట్ట మీద ఎర్ర అంకె ఒకటి
ఇంకా చెరగలేదు.

కిందటి ఫిబ్రవరి. తెల్లగాలి.
చాచిన చెయ్యి చివర వేళ్ళు కనబడని గాలి.
ఆగిపోయిన జీపులో నొప్పులతో అయ్‌సారా, ఎనిమిదో నెల.
నా చేతిలో ఫోను, దానికి పైనెక్కడో ఒక ఉపగ్రహం.
మేమెక్కడున్నామో అది చెప్పింది.
ఎంత కచ్చితంగా అంటే
జిల్లా ఆఫీసులో గోడ మీది పటంలో
ఒకతను మా మీద వేలు పెట్టి
"ఇదిగో, ఇక్కడున్నారు" అన్నాడట.
హెలికాప్టర్‌కి చమురు లేదు.

ఆరు గంటలు
మేం ఆ వేలి కింద ఉన్నాం.

ఆ పటంలోని అంకెలే రేడియోలో విని
తెమిర్బోలాత్ వచ్చాడు. రెండు గుర్రాలు, రేకుబండి.
తల్లి దక్కింది.
బిడ్డని నా శాలువాలో చుట్టి
చేపలు తూచే కొక్కెం తక్కెడకి తగిలించాను.
శాలువా బరువు తీసేస్తే
రెండు కిలోల నూరు గ్రాములు.
తెల్లారేదాకా ఊపిరి తీసింది.
ఒక్క ఆక్సిజన్ సీసా ఉండుంటే...
ఈ వాక్యం నేను పూర్తిచేయను.
చేస్తే మర్నాడు పనిలోకి వెళ్ళలేను.

వసంతంలో ఇద్దరొచ్చారు, వారం తేడాతో.
రాజధాని నుంచి విలేకరి:
ఒక్క ప్రయోగం ఖర్చుతో ఎన్ని వేల సీసాలో
వేళ్ళ మీద లెక్కకట్టి చూపించాడు.
ప్రయోగకేంద్రం నుంచి అధికారి:
ఉపగ్రహమే లేకపోతే తల్లి కూడా... అని ఆగాడు.
ఇద్దరికీ పియాలాల్లో టీ పోశాను.
ఇద్దరూ రెండేసి చక్కెర ముక్కలు వేసుకున్నారు.
ఇద్దరూ చెప్పింది నిజమే.
ఇద్దరికీ ఆ బిడ్డే కావాలి,
తమవైపు తట్టలో వేసుకోవడానికి.

నా తక్కెడ ఇవ్వనన్నాను.

నాకు లెక్క రాదని కాదు.
రాకెట్ ఆపేస్తే ఆ డబ్బు నడుచుకుంటూ మా ఊరొస్తుందా?
దానికి దారి తెలియదు.
హెలికాప్టర్ చమురు డబ్బు ఏ రాకెట్టూ ఎక్కలేదు,
అయినా హెలికాప్టర్ దాకా రాలేదు.
అలాగని పైకెళ్ళేవాళ్ళని వదిలిపెట్టను.
కోట్ల మైళ్ళ అవతల దొర్లే రాయి మీద
గుప్పెడు మట్టి తీసి తెచ్చేవాళ్ళు
కరసాయ్ దూరమంటే
నేనొప్పుకోను.

సిగ్గుపడుతూనే చెప్తున్నా:
పది కొట్టేసరికి నేనూ బయటికొచ్చి చూస్తాను.
కుక్కలు ముందే పడుకుంటాయి, చెవులు నేలకానించి.
తరవాత ఆ గీత,
ఎవరో దూదిలోంచి దారం లాగుతున్నట్టు.
అయ్‌సారా కూడా వస్తుంది. తల ఎత్తి చూస్తుంది.
ఏమనుకుంటోందో ఇంతవరకూ అడగలేదు.

నోటీసు వెనకవైపు ఖాళీగానే ఉంది.
తొమ్మిదోసారి రాశాను:
ఆక్సిజన్ సీసా, ఒకటి.
కారణం అన్నచోట పెన్ను ఆగింది.
ఎవరికీ ఇవ్వనన్న ఆ బరువే రాశాను.
కొట్టేశాను.
మళ్ళీ రాశాను.

బయట కుల్యాష్ అవ్వ
అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని అంటోంది:
"ఈసారి కాస్త వెడల్పుది పడితే బాగుణ్ణు,
దొడ్డికి తలుపు లేదు."